పగలు కొలువు... రాత్రి నవల

డిటెక్టివ్, హారర్, సైన్స్ ఫిక్షన్ నవలలు రాసినవాళ్లలో చాలామంది పొట్టకూటికి మరో పని చేసినవాళ్లే. ఆ పనే వాళ్ల రాతకు బలమైంది. శ్రీహరికోట పక్కన నిలబడి చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది.

సూళ్లూరుపేటలో రైలు దిగి తూర్పుకు తిరిగితే రోడ్డు పులికాట్ సరస్సును దాటుకుంటూ శ్రీహరికోటకు వెళ్తుంది. ఇవాళ సూళ్లూరుపేట అంటే రాకెట్ల దీవికి వాకిలి. 1950లలో అక్కడ రాకెట్లూ లేవు, షార్ అంతరిక్ష కేంద్రమూ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదువుకుని వచ్చిన ఓ కుర్ర మాస్టారు మాత్రం ఉన్నాడు. పిల్లలకు పాఠాలు చెబుతూనే నాటకాలు రాసేవాడు. దర్శకుడు కె.వి.రెడ్డి దగ్గర పని నేర్చుకోవాలన్నది ఆయన కోరిక. అది తీరింది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు ఆయన సహాయ దర్శకుడు. ఆ మాస్టారే సింగీతం శ్రీనివాసరావు.

హెచ్.జి.వెల్స్ ‘టైమ్ మెషిన్’ నవల ఇచ్చిన ఊహతో ఆయన తెలుగువాళ్లను కాలయంత్రం ఎక్కించి శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ, అక్కణ్నుంచి భవిష్యత్తులోకీ తీసుకెళ్లాడు. ఆ ‘ఆదిత్య 369’ విడుదలైంది 1991 జూలై 18న. సరిగ్గా పదకొండేళ్ల ముందు, 1980 జూలై 18న, ఎస్ఎల్‌వీ-3 రాకెట్ శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. తేదీలు కలవడం యాదృచ్ఛికమే. ఊహ, రాకెట్ ఒకే నేల మీద కలవడం వెనక మాత్రం పెద్ద చరిత్ర ఉంది.

పంతుళ్ల వంశం

వెల్స్ కూడా పంతులే. చిన్నతనంలో బట్టల కొట్లో పనికి కుదిర్చితే అది నచ్చక బయటపడ్డాడు. తర్వాత జీవశాస్త్రం చదివి బడిలో పాఠాలు చెప్పాడు. 1893లో జీవశాస్త్ర పాఠ్యపుస్తకం రాశాడు. రెండేళ్లకు ‘టైమ్ మెషిన్’ వచ్చింది. మనుషులు రెండు జాతులుగా చీలిపోయే భవిష్యత్తును అందులో ఊహించడానికి పరిణామ సిద్ధాంతం చదివిన బుర్ర కావాలి.

రష్యాలోని కలుగా పట్టణంలో మరో పంతులు ఉండేవాడు, కాన్‌స్టాంటిన్ సియొల్కోవ్‌స్కీ. పదేళ్ల వయసులో జ్వరం వచ్చి చెవులు దాదాపు వినపడకుండా పోయాయి. లెక్కలు చెప్పుకుని బతికాడు. జూల్ వెర్న్ నవలలు చదివి అంతరిక్షం మీద మోజు పెంచుకున్నాడు. రాకెట్ వేగాన్ని లెక్కగట్టే సూత్రాన్ని 1903లో అచ్చువేయించాడు. ‘భూమికి ఆవల’ అని అర్థం వచ్చే పేరుతో ఓ అంతరిక్ష నవల కూడా రాశాడు. శ్రీహరికోట నుంచి ఎగిరే ప్రతి రాకెట్టూ ఆయన సూత్రానికి లోబడే ఎగురుతుంది.

మన దగ్గర షాడో అనే గూఢచారిని సృష్టించి, అద్దె పుస్తకాల షాపుల ముందు కుర్రకారును బారులు తీయించిన మధుబాబు సైతం ఉపాధ్యాయుడే. క్లాసులో నలభైమంది చూపు చెదిరిపోకుండా పట్టి ఉంచడం రోజూ చేసిన మనిషికి, పాఠకుడిని అధ్యాయం చివర ఎక్కడ ఆపాలో ఇంకొకరు నేర్పనక్కర్లేదు.

పద్దులు సరిచూసిన చేతులు

రెండో వరుసలో లెక్కలవాళ్లున్నారు. జూల్ వెర్న్ న్యాయశాస్త్రం చదివి, పారిస్ స్టాక్ ఎక్స్చేంజీలో బ్రోకరుగా పనిచేశాడు. 1865లో రాసిన చంద్రయాత్ర నవలలో యాత్రికులను పంపే ఫిరంగిని ఎక్కడ నిలపాలన్నది గాలికి రాయలేదు. చంద్రుడు నడినెత్తికి రావాలంటే భూమధ్యరేఖకు ఎంత దగ్గరుండాలో లెక్కగట్టించి ఫ్లోరిడాను ఎంచాడు. వందేళ్ల తర్వాత చంద్రుడి దగ్గరకు వెళ్లిన అపోలో వ్యోమగాములు ఫ్లోరిడా నుంచే బయలుదేరారు. 1969లో మనవాళ్లు శ్రీహరికోటను ఎంచుకున్నదీ లెక్క ప్రకారమే. భూమధ్యరేఖకు సుమారు 13.7 డిగ్రీల దూరం, తూర్పున అడ్డులేని బంగాళాఖాతం. భూమి తిరిగే వేగం తూర్పుకు ఎగిరే రాకెట్‌కు తోడవుతుంది, కింద పడిన దశలు సముద్రం పాలవుతాయి.

ఆర్థర్ సి.క్లార్క్ మొదట బ్రిటన్‌లో పెన్షన్ల లెక్కలు చూసే చిరుద్యోగి. యుద్ధకాలంలో వాయుసేనలో రాడార్ పని చేశాడు. ఆ అనుభవంతోనే 1945లో ఓ వ్యాసం రాశాడు. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలను నిలిపితే ప్రపంచమంతటికీ ప్రసారాలు అందుతాయని దాని సారాంశం. తర్వాత కొలంబోలో స్థిరపడ్డాడు. 1975లో మన దేశం ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపినప్పుడు, ఇస్రో ఇంజినీర్లు ఆయన ఇంటికి వెళ్లి యాంటెన్నా బిగించి వచ్చారు. ఊహించినవాడికి ఆ ఊహను నిజం చేసినవాళ్లు చేసిన మర్యాద అది.

తెలుగులో ఈ వరుసకు పెద్ద పేరు యండమూరి వీరేంద్రనాథ్. చార్టర్డ్ అకౌంటెంట్. రాష్ట్ర ఫైనాన్షియల్ కార్పొరేషన్‌లో, ఆంధ్రా బ్యాంకులో ఉద్యోగాలు చేశాడు. ‘తులసిదళం’లో చేతబడినీ వైద్యాన్నీ ఎదురెదురు నిలబెట్టి, ఏది నిజమో పాఠకుడు తేల్చుకోలేనంతగా రెండు వైపులా వాదన నడిపాడు. జమకూ ఖర్చుకూ పొంతన కుదరందే నిద్రపోని క్రమశిక్షణ ఆ కథల అల్లికలో కనిపిస్తుంది.

ల్యాబులు, బ్యారక్‌లు, వంటిళ్లు

శ్రీహరికోటకు అతి దగ్గరి ఉదాహరణ తమిళం నుంచి వస్తుంది. తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్స్ కాలేజీలోనూ, మద్రాసు ఎంఐటీలోనూ ఒకే కాలంలో చదివినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడిపోతే తట్టుకుని, మరుసటి ఏడాది దాన్నే నిలబెట్టిన ప్రాజెక్టు డైరెక్టరు. రెండోవారు ఎస్.రంగరాజన్. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరు. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం రూపకల్పనలో ముఖ్యుడు. భార్య పేరు సుజాతనే కలంపేరుగా పెట్టుకుని డిటెక్టివ్ నవలలు, సైన్స్ ఫిక్షన్ రాశాడు. ‘రోబో’ సినిమా మాటల్లో ఆయన చేయీ ఉంది.

ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ 1974లో మరాఠీ సైన్స్ కథల పోటీకి మారుపేరుతో కృష్ణబిలం కథ పంపి మొదటి బహుమతి గెలుచుకున్నాడు. భువనేశ్వర్ పరిశోధనాలయంలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన జొన్నలగడ్డ రాజగోపాలరావు, భార్య రామలక్ష్మితో కలిసి ‘వసుంధర’ పేరుతో అపరాధ పరిశోధన కథలూ చందమామ కథలూ రాశాడు.

అందరి దారీ చదువుల దారి కాదు. ఆరుద్ర యుద్ధకాలంలో వాయుసేన బ్యాండులో వాద్యం వాయించాడు. మద్రాసులో కష్టపడిన రోజుల్లో డిటెక్టివ్ నవలలు రాశాడు. ఆధారాలు వెతికి పట్టే ఆ చూపే తర్వాత ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’లో కవుల కాలాలను తేల్చడానికి పనికొచ్చిందని నా నమ్మకం. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. మొదటి నవలలోనే విషప్రయోగాన్ని ఫార్మసిస్టులు మెచ్చేలా రాసింది. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గృహిణి. ఇంటి నాలుగు గోడల మధ్య ఆడపిల్లలు దాచుకునే ఆశలను ప్రేమకథలుగా మలిచి, ‘సెక్రటరీ’తో తెలుగు ప్రచురణ రంగాన్నే తిప్పేసింది.

వీళ్లను ‘కాలక్షేపం రచయితలు’ అని పక్కన పెట్టడం మన విమర్శ చేసిన అన్యాయం. వాళ్లు చేసిన కొలువులు కాలక్షేపానివి కావు. జీవితాన్ని పనిలోంచి తెలుసుకున్నవాళ్లు వాళ్లు. వేలమంది తెలుగువాళ్లు పూర్తి పుస్తకం చదవడం నేర్చుకున్నది వాళ్ల దగ్గరే.

దీవి కథ ఎవరు రాయాలి?

1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఎగిరింది మొదలు, 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరే దాకా ఈ దీవి చూసింది చాలా ఉంది. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. దాన్ని కలిపి, పోతపోసి, గట్టిపరిచే మనుషులు చిన్న నిప్పురవ్వను కూడా మరిచిపోకుండా పనిచేస్తారు. ఉత్కంఠ నవలకు ఇంతకంటే ఏం కావాలి? అడవిలో తేనె, దుంపలు, వేళ్లు సేకరించుకుంటూ తరతరాలుగా అక్కడే బతికిన యానాదులు అంతరిక్ష కేంద్రం కోసం చోటు వదిలారు. తాతల అడవి మీంచి రాకెట్ లేవడాన్ని చూసిన యానాది పిల్ల రాసే సైన్స్ ఫిక్షన్ ప్రపంచంలో మరెవరూ రాయలేనిది.

ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న ఈ దీవిలో షిఫ్టులు చేస్తున్న టెక్నీషియన్లు, సూళ్లూరుపేట నుంచి వాళ్లను చేరవేసే డ్రైవర్లు, నాయుడుపేట, తడ బడుల్లో సైన్స్ చెప్పే టీచర్లు తమకు రాయడానికి తీరిక లేదనుకుంటారు. వెల్స్‌కూ సుజాతకూ యండమూరికీ కూడా తీరిక ఎవరూ పంచిపెట్టలేదు. కొలువును అడ్డంకిగా కాక కథకు ముడిసరుకుగా చూశారు. మన పత్రికలు అలాంటివాళ్లను వెతికి పట్టుకుని మళ్లీ సీరియళ్లు రాయించాలి. రాయగలమన్న ధైర్యం వాళ్లకు ఇవ్వాల్సింది పాఠకులమైన మనమే.