ప్రయాణముహూర్తము – ప్రస్థానాచారము

2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయమునుండి రాకపోకలు ఆరంభమైన పిదప, బెంగుళూరు రహదారిపై నున్న సాతంరాయి పరిసరములలోని గృహస్థులకు అర్ధరాత్రి ప్రయాణములు పరిపాటియైనవి. విదేశములకేగు విమానములు అనేకము రాత్రివేళనే బయలుదేరును. అవి వర్జ్యమును గాని దుర్ముహూర్తమును గాని లెక్కింపవు. టిక్కెట్టు మార్చుటకంటె తిథిని మార్చుటయే సులభమని పరిహసించువారును కలరు.

ఈ సంకటము నేటిది కాదు. క్రీ.శ. 1600లో కాశీక్షేత్రమున రామదైవజ్ఞుడు రచించిన ముహూర్తచింతామణిలో, యాత్రాప్రకరణమున దీనికి ఉపాయము చెప్పబడినది. శుభలగ్నమున స్వయముగా కదలలేనివాడు తన వస్తువు నొకదానిని ముందుగా పరగృహమున ఉంచవలెను. ఇదియే ప్రస్థానము. బ్రాహ్మణునకు యజ్ఞోపవీతము, క్షత్రియునకు ఆయుధము, వైశ్యునకు తేనె, శూద్రునకు ఫలము విహితములు. ప్రస్థానానంతరము రాజు పది దినములు, సామంతుడు ఏడు, ఇతరులు ఐదు దినములకు మించి నిలువరాదు. నేడు యజ్ఞోపవీతమునకు బదులు చేతిసంచి పొరుగింటికి చేరుచున్నది. అది దోషము కాదు. కాని సాయంకాలమే దానిని తిరిగి ఇంటికి తెచ్చుకొని, రాత్రి మరల గడప దాటువారున్నారు. అట్లయిన ప్రస్థానము భగ్నమైనట్లే. పోవునప్పుడు త్రోవలోనే దానిని గైకొనవలెను.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు విడిచి, హైదరాబాదు మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరు 3న స్వస్థానము చేరెను. పదిహేను మాసములకు పైబడిన యాత్ర! క్షేమముగా మరలివచ్చుట అనిశ్చితమైన ఆ కాలమున శకునములపై అంతటి శ్రద్ధ సహజమే.

ఆ శ్రద్ధతోపాటు ఒక క్రౌర్యమును మన ఇండ్లలో నిలిచిపోయినది. కుమారుడు విదేశమేగువేళ ముత్తైదువను ఎదురు రమ్మందురు. భర్తను కోల్పోయిన కన్నతల్లి మాత్రము లోపలి గదిలో తలుపు చాటున నిలిచియుండును. ఎవరును ఆమెను పొమ్మనరు, ఆమెయే తప్పుకొనును. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, విద్య ముగించిన శిష్యునకు ఆచార్యుడు దైవముగా భావింపుమని చెప్పినవారిలో తల్లియే ప్రథమురాలు. అచట సువాసిని అను విశేషణము లేదు. శ్రుతిస్మృతులకు విరోధము కలిగినచో శ్రుతియే బలీయమని జైమిని సిద్ధాంతము. లోకాచారము స్మృతికంటెను దుర్బలము. శకునభయముతో తల్లిని దాచుటకు ఇక ఏ ప్రమాణము మిగులును?

ఈ మార్పు కొన్ని గృహములలో ఇప్పటికే వచ్చినది. అట్టి తల్లియే గడపకడ నిలిచి, కొడుకు అరచేతిలో పెరుగు చక్కెర ఉంచి, కారు మలుపు తిరిగిన తరువాతను లోనికి పోక, విమానధ్వని వినవచ్చువరకు అరుగుమీదనే కూర్చుండుచున్నది.