ఈ వెయ్యి మంది ఎవర్రా?

నాన్నతో వారానికి రెండుసార్లు వాట్సాప్‌లో మాట్లాడతాను. పోయిన సంక్రాంతికి ముందు ఒక రోజు, ఊళ్ళో సంగతులన్నీ అయ్యాక, ఆయన ఉన్నట్టుండి అడిగారు.

"ఒరేయ్, మన ఛానెల్‌కి వెయ్యి మంది అయ్యారని తమ్ముడు చెప్పాడు. ఈ వెయ్యి మంది ఎవర్రా? ఒక్కళ్ళూ పలకరించరేం?"

నేను ఆఫీసు పార్కింగులో కారులోనే ఉన్నాను. డాలస్‌లో ఉదయం ఎనిమిది, అక్కడ రాత్రి ఏడున్నర. ఏం చెప్పాలో తోచలేదు. "పలకరిస్తార్లే నాన్నా, మెల్లగా" అని ఫోను పెట్టేశాను. ఆ వెయ్యిలో తొమ్మిది వందల పైచిలుకు మందిని నేను క్రెడిట్ కార్డుతో కొన్నాను.

ముందు ఛానెల్ సంగతి చెప్పాలి. మా నాన్న రేపల్లె దగ్గర ఒక పల్లెటూళ్ళో తెలుగు మేష్టారుగా చేసి రిటైరయ్యారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి 23 ఏళ్ళు, ఇంకా ఉద్యోగం రాలేదు. నాలుగు రోజుల తర్వాత పెనుమూడి రేవు దాటి, అవతల పులిగడ్డ వైపు సాయానికి వెళ్ళిన కుర్రాళ్ళలో ఆయన ఒకరు. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయిన ఉప్పెన అది. అక్కడ తిరిగిన మూడు వారాల్లో ఏ ఊళ్ళో ఎవరు మిగిలారు, ఎవరు ఎవరి కోసం వెతుకుతున్నారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. అట్ట ఊడిపోయినా ఆ పుస్తకం ఇంకా ఇంట్లో ఉంది. దాన్ని దగ్గర పెట్టుకుని నాన్న చేత జ్ఞాపకాలు చెప్పించటమే మా ఛానెల్. తమ్ముడు ఫోనులో తీస్తాడు, నేను ఇక్కడ రాత్రిపూట కూర్చుని ఎడిట్ చేసి ఎక్కిస్తాను. ఎనిమిది నెలల్లో ఏడు వీడియోలు పెట్టాం. 86 మంది సబ్‌స్క్రైబర్లు. అందులో సగం మా చుట్టాలే.

ఛానెల్ పెంచుకోవటం ఎలాగో చెప్పే వీడియోలు బోలెడు చూశాను. అందరూ 'ఆర్గానిక్‌గా పెంచండి' అనేవాళ్ళే. ఆ మాట విని నాన్న "అదేంట్రా, బియ్యమా?" అన్నారు. బియ్యం సంగతేమో గానీ నాకు ఓపిక లేకపోయింది. ఒక రాత్రి మూడు పిజ్జాల ఖరీదు పెట్టి వెయ్యి మందిని తెచ్చేసుకున్నాను. ఆ తర్వాత పెట్టిన వీడియోని 19 మంది చూశారు.

నేను చదివింది ఇంజినీరింగు. ఏదైనా పనిచెయ్యకపోతే లాగ్స్ మొదటి లైను నుంచీ చదవటం అలవాటు. నాన్న ప్రశ్న తర్వాత ఈ యూట్యూబ్ చరిత్రని కూడా అలాగే మొదటినుంచీ చదివాను. అందులో నాకు తెలిసింది మీతో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

పేపాల్‌లో పనిచేసిన ముగ్గురు కుర్రాళ్ళు, చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావేద్ కరీం, 2005 ఫిబ్రవరి 14న యూట్యూబ్ పేరు రిజిస్టరు చేశారు. ఆ తేదీ ప్రేమికుల రోజు. వాళ్ళు మొదట అనుకున్నది పెళ్ళిచూపుల్లాంటి సైటు. మనుషులు తమ గురించి తాము వీడియో తీసి పెట్టాలి, నచ్చినవాళ్ళు మాట్లాడుకోవాలి. తీరా చూస్తే ఒక్కరూ పెట్టలేదు. వీడియో పెట్టిన ఆడవాళ్ళకి డబ్బిస్తామని ప్రకటన కూడా ఇచ్చారు. అయినా ఎవరూ రాలేదు. నేను ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. ఈనాడు కోట్లమంది చూసే యూట్యూబే మొదట్లో డబ్బుతో మనుషుల్ని తెచ్చుకోవాలని చూసి ఓడిపోయిందన్నమాట.

అప్పుడు వాళ్ళు ఆ ఆలోచన వదిలేసి, ఎవరికి నచ్చిన వీడియో వాళ్ళు పెట్టుకోండి అన్నారు. 2005 ఏప్రిల్ 23న శాన్ డియేగో జూలో ఏనుగుల ముందు కరీం నిలబడి మాట్లాడిన 19 సెకన్ల వీడియో మొట్టమొదటిది. అందులో విశేషం ఏమీ లేదు. ఏనుగులకి తొండాలు బాగా పొడుగు అంటాడు, అంతే. కానీ ఆ వీడియోలని ఎవరి సొంత పేజీలో వాళ్ళు అతికించుకునే వీలు పెట్టారు. మైస్పేస్ కుర్రకారు తమ స్నేహితులకి చూపించటానికి అతికించుకుంటూ పోయారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 2006 అక్టోబరులో, గూగుల్ 165 కోట్ల డాలర్లకి కొనేసింది. ప్రకటనకి రాని జనం, స్నేహితుడు చూపిస్తే వచ్చారు.

మనవాళ్ళ సంగతికొస్తే, 2007లో షికాగోలో ఉంటున్న హైదరాబాదీ షెఫ్ సంజయ్ తుమ్మ వంటల వీడియోలు మొదలుపెట్టారు. వారెవా షెఫ్ అంటే ఇక్కడ చాలామంది ఇళ్ళలో తెలుసు. నేను ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తల్లో అపార్టుమెంటులో నలుగురం కుర్రాళ్ళం లాప్‌టాప్‌ని స్టవ్ పక్కన పెట్టుకుని, ఆయన ఆపమన్న చోట ఆపి, పోపు మాడబెట్టుకుని నేర్చుకున్నాం. ఛానెల్ పెట్టినవాళ్ళకి ప్రకటనల డబ్బులో వాటా ఇచ్చే పద్ధతి కూడా ఆ 2007లోనే మొదలైంది. యూట్యూబ్ ఇండియా సైటు 2008 దాకా లేదు. ఆయన ముందున్నది అమ్మకి దూరంగా ఉండి ఆకలేసిన మాలాంటివాళ్ళం. మమ్మల్ని ఎవరూ ఆయనకి తెచ్చిపెట్టలేదు, మేమే వెతుక్కుంటూ వెళ్ళాం.

తర్వాత పెద్ద మలుపు 2012. అప్పటిదాకా ఎన్నిసార్లు నొక్కారన్నదే లెక్క. అందుకని లోపల ఒకటి పెట్టి పైన ఇంకో బొమ్మ అతికించి నొక్కించేవాళ్ళు ఎక్కువయ్యారు. 2012లో యూట్యూబ్ ఆ లెక్క మార్చి, ఎంతసేపు చూశారన్నదానికి విలువ ఇవ్వటం మొదలెట్టింది. 2016లో ఆ కంపెనీ ఇంజినీర్లు ప్రచురించిన పేపరు ఒకటి ఉంది. లక్షల వీడియోల్లోంచి ముందు కొన్ని వందలు ఏరటం, ఆ వందల్ని వరసలో పెట్టటం, అలా రెండు అంచెలు. రెండో అంచెలో యంత్రం లెక్క కట్టేది ఈ మనిషి దీన్ని నొక్కుతాడా అని మాత్రమే కాదు, నొక్కితే ఎంతసేపు ఉంటాడని. నేను కొన్న వెయ్యి మంది నొక్కరూ, ఉండరూ. ఆ పేపరు ముందే చదివి ఉంటే పిజ్జాలు తినేవాణ్ణి.

అదే 2012లో అప్పటి కరీంనగర్ జిల్లా లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 'మై విలేజ్ షో' మొదలెట్టారు. ఊరి మనుషులు, ఊరి యాస, ఊరి గొడవలు. బయటివాడికి అర్థమవుతుందా లేదా అని చూడకుండా తమ ఊరికి నవ్వొచ్చేదే తీశారు. కూలికి వెళ్తూ, బీడీలు చుట్టుకుంటూ బతికిన గంగవ్వ ఆ వీడియోలలోకి వచ్చింది చాలా ఏళ్ళ తర్వాత. 2020లో ఆమె బిగ్‌బాస్‌కి వెళ్ళింది మనందరికీ తెలిసిందే. ఆ మధ్యలో గడిచిన ఏళ్ళే మనం మర్చిపోతాం.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఉచితంగా డేటా ఇచ్చేసరికి పల్లెటూళ్ళో పశువుల పాకలో కూర్చున్నవాళ్ళు కూడా వీడియోలు చూడటం మొదలెట్టారు. ఆ ఏడాదే మా పక్కన తెనాలి దగ్గర గుడివాడ అనే ఊళ్ళో (కృష్ణా జిల్లా గుడివాడ కాదు) మస్తానమ్మ గారి వంటలు 'కంట్రీ ఫుడ్స్' పేరుతో మొదలయ్యాయి. వయసు నూట అయిదు పైమాటే అనేవారు. మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి తీసేవారు. పొలం మధ్య కట్టెల పొయ్యి, అల్లం పొట్టు గోళ్ళతోనే తీసెయ్యటం, పుచ్చకాయ డొప్పలో కోడికూర. మా అమ్మ ఆ వీడియో చూసి "మా నాయనమ్మా ఇలాగే గోటితో తీసేది" అంది. 2018 డిసెంబరులో ఆవిడ పోయేనాటికి ఆ ఛానెల్‌కి పది లక్షల మంది దాటారు. తెలంగాణలో గ్రాండ్‌పా కిచెన్ నారాయణ రెడ్డి గారు 2017లో మొదలెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో వండింది అనాథ పిల్లలకి పెట్టేవారు. 2019లో ఆయన కూడా పోయారు. ముందు తినేవాళ్ళు ఉన్నారు, చూసేవాళ్ళు తర్వాత వచ్చారు.

ఇక నన్ను తప్పుదోవ పట్టించిన తేదీ 2018 జనవరి. ప్రకటనల వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలని యూట్యూబ్ ప్రకటించింది. అంతకుముందు ఏడాది పెట్టిన నియమం 10,000 వ్యూస్ మాత్రమే. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు 4 నిమిషాలు చూస్తారనుకుంటే 60,000 సార్లు చూడాలి, అంటే రోజుకి 164. వెయ్యి అన్న అంకె ఎప్పుడైతే గడప అయ్యిందో, ఆ వెయ్యిని అమ్మే దుకాణాలకి నాలాంటి తొందరగాళ్ళు బేరానికి వెళ్ళారు. కొన్న సబ్‌స్క్రైబర్లని యూట్యూబ్ ఎప్పటికప్పుడు ఏరిపారేస్తూనే ఉంటుంది. ఫిబ్రవరిలో నావాళ్ళూ పోయారు. ఒక పొద్దున లేచి చూస్తే 131.

ఆ రోజే నాన్నకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తిడతారనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వారు.

"మా బళ్ళో ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున హెడ్మాస్టరు పక్క ఊరి పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టేవాడురా. తరగతి నిండుగా ఉండేది. పాఠం చెప్పేవాడికే తెలిసేది, వీళ్ళు మన పిల్లలు కాదని."

తర్వాత మెల్లగా అడిగారు, "ఆ పేర్లు చదివిన వీడియో ఎందుకు పెట్టలేదు?"

దానికీ నా దగ్గర సమాధానం లేదు. ఎప్పుడో తీసిన వీడియో అది. నాన్న నోటుపుస్తకం తెరిచి, ఊరు, ఇంటిపేరు, మనిషి పేరు, ఎవరు ఎవరిని వెతుకుతున్నారో 14 నిమిషాలు ఆగకుండా చదివారు. మొదటి 30 సెకన్లలో చూసేవాణ్ణి పట్టుకోవాలి, విసుగుపుట్టే ముక్కలు కోసెయ్యాలి అని నేను నేర్చుకుని ఉన్నాను కదా. ఆ 14 నిమిషాలూ కోసి పక్కన పడేశాను.

మార్చిలో దాన్ని ఏమీ కొయ్యకుండా పెట్టాను. ఈసారి నాన్న తన పాత టీచర్ల పెన్షనర్ల గ్రూపులో పంపారు. వాళ్ళలో అవనిగడ్డ వైపు పనిచేసినవాళ్ళు కొందరున్నారు. అక్కణ్ణించి కోడూరు, నాగాయలంక వెళ్ళింది. ఎవరెవరు ఎక్కడెక్కడికి పంపారో మాకు తెలియదు.

యూట్యూబ్ మనకి ఒక గీత చూపిస్తుంది. వీడియోలో ఏ నిమిషం దాకా ఎంతమంది ఉన్నారో చెప్పే గీత. మామూలుగా అది జారుడుబల్లలా దిగుతూ పోతుంది. ఈ వీడియోకి అక్కడక్కడా పైకి లేచింది. లేచిందంటే అక్కడ వెనక్కి తిప్పి మళ్ళీ విన్నారని అర్థం. లేచిన చోట్ల ఏముందా అని ఒక్కొక్కటే చూశాను. అన్నీ పేర్లే. తొమ్మిదో నిమిషం దగ్గర అన్నిటికంటే ఎత్తుగా లేచింది. తొమ్మిదో నిమిషంలో నాన్న ఒక ఇంటిపేరు చదివి, "చెల్లెలి కోసం అన్న వెతుకుతున్నాడు, చెల్లెలికి ఆరేళ్ళు" అంటారు.

ఏప్రిల్‌లో ఆ అన్న మనవరాలు నాన్నకి ఫోన్ చేసింది. చెల్లెలు దొరకలేదట. తాతగారు పోయి పదేళ్ళయింది. తనకొక చెల్లెలు ఉండేదని ఆయన చెప్పేవాడట గానీ, ఇంట్లో ఫొటో గానీ, కాగితం ముక్క గానీ లేదు. ఆ పాప పేరు ఎక్కడైనా రాసి ఉండటం చూడటం ఇదే మొదటిసారి అందట. ఆ పేజీ ఫొటో తీసి పంపమని అడిగింది.

ఇవాళ్టికి మా ఛానెల్‌కి 412 మంది. 4,000 గంటలు ఈ ఏడాది అవవు, వచ్చే ఏడాదీ అవుతాయని నాకు నమ్మకం లేదు. ఫోన్ చేసినవాళ్ళ పేరు, ఊరు, ఎవరి తాలూకో నాన్న అదే నోటుపుస్తకంలో వెనకవైపు ఖాళీ పేజీల్లో రాసుకుంటున్నారు. నిన్న అడిగితే 23 మంది అయ్యారన్నారు.