సైకిలుకు స్ప్రింగులు వచ్చిన కథ

ఉంగుటూరు మామిడితోటల నడుమ బండిబాటపై సైకిలు త్రొక్కువారికి కుదుపు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి గతుకును మణికట్టును, నడుమును అలయజేయును. ఈ అలసటను తగ్గించుటకు యత్నములు చాలాకాలము క్రిందటనే మొదలైనవి.

1885లో ఇంగ్లండులో లిన్లీ, బిగ్స్ అనువారు ‘విప్పెట్’ అను సైకిలు చట్రములోనే స్ప్రింగు నమర్చిరి. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చుటతో దాని అవసరము తగ్గిపోయెను. చిన్న కుదుపులను టైరులోని గాలియే మ్రింగివేయసాగెను.

1970 దశకమున కాలిఫోర్నియా యువకులు కొండబాటలలో సైకిళ్ళ పందెములు ప్రారంభించిరి. అచ్చట టైరు ఒక్కటే చాలలేదు. 1989లో రాక్‌షాక్స్ సంస్థ గాలి, నూనెలతో పనిచేయు ముందు ఫోర్కును అమ్మకమునకు తెచ్చెను. పిమ్మట వెనుక చక్రమునకును అట్టి అమరిక వ్యాపించెను.

అయితే, రాతి దెబ్బకు అణగు స్ప్రింగు పెడలు త్రొక్కుడుకును అణగును. అట్లు పోయిన శక్తి సన్నని రంధ్రములగుండా నూనెను నెట్టుటలో వేడిగా మారును. గంటల తరబడి సాగు పందెములో ఇది స్వల్పనష్టము కాదు. అందుచేతనే కదలికను బిగించు మీటలు వచ్చినవి. 2012 లండను ఒలింపిక్సులో చెక్ దేశీయుడు కుల్హావీ ముందువెనుకల స్ప్రింగులున్న సైకిలుపైననే, ఒక్క సెకను తేడాతో స్వర్ణపతకము పొందెను.

ఇట్టి సైకిలును పరీక్షింపగోరువారు ఒకే బాటపై మీట బిగించి కొన్నిమారులు, విడిచి కొన్నిమారులు పోయి కాలమును పోల్చవలెను. మరునాటి నడుమునొప్పిని కూడ లెక్కలో వ్రాసికొనవలెను.