స్వింగ్ ఆర్మ్‌కు ప్రతిపదార్థం

"అన్నా, నా ఇంటర్‌సెప్టర్‌కు మంచి ఆఫ్టర్‌మార్కెట్ స్వింగ్ ఆర్మ్ ఒకటి వేపించాలన్నా." తిరుపతిలో ఒక మెకానిక్ షెడ్డులో, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ తెచ్చిన కుర్రాడొకడు అడిగాడు. మెకానిక్ వెంటనే బదులు చెప్పలేదు. చెప్పకపోవడమే సరి. ఆ వాక్యంలో ఒక్కో మాట వెనక ఒక్కో నిర్ణయం దాగి ఉంది. పద్యానికి ప్రతిపదార్థం చెప్పినట్టు దీన్ని విడదీస్తే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో తేలుతుంది. ఆ మాటల వెంటే వచ్చే మరికొన్ని మాటలనూ కలిపి చూద్దాం. ‘మంచి’ అన్న మాటను చివరికి ఉంచుతాను. మిగతావి తెలియకుండా దానికి అర్థం చెప్పలేం.

స్వింగ్ ఆర్మ్. మాటకు మాటగా ఊగే చెయ్యి. అనగా, ఒక కొస ఫ్రేముకు బిగించి ఉండి, రెండో కొసన వెనక చక్రాన్ని మోస్తూ, గుంత వచ్చినప్పుడు పైకీ కిందికీ ఆడే భాగం. హోండా విడిభాగాల పట్టికల్లో దీన్నే రియర్ ఫోర్క్ అంటారు, రెండూ ఒకటే. దీన్ని షాకబ్జర్‌తో కలపకూడదు. షాకబ్జర్ దెబ్బను మింగుతుంది. చక్రం ఏ దారిన కదలాలో ఆర్మ్ నిర్ణయిస్తుంది. పాతకాలపు బండ్లలో చాలావాటికి ఇది లేదు. చక్రం నేరుగా ఫ్రేములోనే ఉండేది, నడుముకు సీటు స్ప్రింగులే దిక్కు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1948లో పోటీలకు దించిన బుల్లెట్‌కు స్వింగ్ ఆర్మ్ పెట్టింది. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది 1955లో. అంటే మనవాళ్ళకు తెలిసిన బుల్లెట్ మొదటినుంచీ స్వింగ్ ఆర్మ్ బండే.

పివట్. ఆర్మ్ ఏ బోల్టు చుట్టూ ఊగుతుందో అది. తెలుగులో ఇరుసు అంటే చిక్కు వస్తుంది: ఇదీ ఇరుసే, చక్రం తిరిగే కడ్డీ కూడా ఇరుసే. అందుకని ఆర్మ్ ఊగేదాన్ని పివట్ అనీ, చక్రం తిరిగేదాన్ని యాక్సిల్ అనీ వేరుగా పిలుస్తాను. పివట్ దగ్గర పొర మీద పొర ఉంటుంది. ఆర్మ్‌కు అడ్డంగా ఒక గొట్టం, అందులో బుష్‌లు లేదా నీడిల్ బేరింగులు, వాటి లోపల ఉక్కు స్లీవు, స్లీవులోంచి బోల్టు. నట్టు బిగించినప్పుడు ఫ్రేము రెండు పక్కల నుంచీ స్లీవును నొక్కి పట్టాలి, ఆర్మ్‌ను నొక్కకూడదు. కాబట్టి స్లీవు, దాని చుట్టూ ఉన్న గొట్టం కంటే వెంట్రుకవాసి పొడవుండాలి, అనగా మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతులు. పొట్టిదైతే నట్టు బిగియగానే ఆర్మ్ పట్టేస్తుంది. మరీ పొడుగైతే ఆర్మ్ అటూ ఇటూ జరుగుతుంది. లేత్ షాపులో స్లీవు తిప్పించేవాళ్ళు మోటు కొలత ఇచ్చి రాకూడదు. వెర్నియర్‌తో కొలిచిన అంకె ఇవ్వాలి.

బుష్‌లోనూ జాతులున్నాయి. స్ప్లెండర్ లాంటి బండ్లకు రబ్బరు బుష్ ఉంటుంది. అందులో ఏదీ జారదు. రబ్బరే మెలితిరిగి ఊపునిస్తుంది. కాబట్టి పివట్ నట్టు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే వేయాలి. సెంటర్ స్టాండ్ ఎక్కించి, చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి దించిన క్షణం నుంచీ రబ్బరు మెలికలోనే ఉండి త్వరగా చిరుగుతుంది. నీడిల్ బేరింగుకు ఈ బాధ లేదు. దానికి గ్రీజు కావాలి, నీళ్ళు దూరని సీలు కావాలి.

ఇక్కడ ఒక పరీక్ష. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలపండి. ఒక బొటనవేలిని ఆర్మ్, ఫ్రేము కలిసే సందు మీద ఆనించండి. రెండో చేత్తో చక్రం వెనక అంచు పట్టి అడ్డంగా ఊపండి. బొటనవేలి కింద ‘టక్’ మని తగిలితే అక్కడ అరిగింది. సందులోంచి ఎర్రటి తుప్పు పొడి రాలితే లోపల గ్రీజు ఎండి చాలా కాలమైంది. మొగిలి ఘాట్ దిగేటప్పుడు బండి తోక ఊపుతోందని ఆర్మ్ మార్చడానికి వచ్చినవాళ్ళు ముందు ఈ పరీక్ష చేయాలి. కొన్నిసార్లు ఒక జత బుష్‌లతోనే పని అయిపోతుంది.

పొడవు. పివట్ నడిమి నుంచి యాక్సిల్ నడిమి దాకా ఉన్న దూరం. ఆర్మ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్న దూరాన్ని పొడవనుకోవద్దు. యాక్సిల్ వెనక ఎంత ఇనుము మిగిలినా లెక్కలోకి రాదు. ఎక్కువ తప్పులు జరిగేది ఈ మాట దగ్గరే, కనుక నిదానంగా చెబుతాను.

ఉదాహరణకు పివట్ నుంచి యాక్సిల్ 500 మిల్లీమీటర్లు, పివట్ నుంచి షాకబ్జర్ బిగించే చోటు 450 అనుకుందాం. ఆర్మ్‌ను 50 మిల్లీమీటర్లు పెంచి, షాకబ్జర్‌ను ఉన్నచోటే ఉంచారు. చక్రానికి ఇప్పుడు పెద్ద మీట చిక్కింది. చక్రం దగ్గర స్ప్రింగు గట్టితనం ఈ నిష్పత్తి వర్గాన్ని బట్టి తగ్గుతుంది: 500ను 550తో భాగించి వర్గం చేస్తే సుమారు 0.83. అనగా, స్ప్రింగు అదే అయినా వెనక భాగం 17 శాతం మెత్తబడింది. ‘కొత్త ఆర్మ్ వేశాక షాకబ్జర్లు పాడైనాయి’ అనేవారికి నిజంగా జరిగింది ఇదే. షాకబ్జర్లు బాగానే ఉన్నాయి, లెక్క మారింది.

బరువు సంగతీ ఉంది. ఇంటర్‌సెప్టర్ 650 వీల్‌బేస్ సుమారు 1400 మిల్లీమీటర్లు, అంటే ముందు యాక్సిల్ నుంచి వెనక యాక్సిల్‌కు ఉన్న దూరం. బండీ మనిషీ కలిసి 280 కిలోలు, అందులో 52 శాతం వెనక చక్రం మీద అనుకోండి. వీల్‌బేస్ 1450 చేస్తే వెనక వాటా దాదాపు 50 శాతానికి దిగుతుంది; 5 కిలోలు ముందుకు జరుగుతాయి. నేరుగా పోయే రోడ్డు మీద ఇది స్థిరత్వంగా తోస్తుంది. 1974 నాటి రెండో ఘాట్ రోడ్డులో తిరుమల ఎక్కుతుంటే, ఒకదాని వెంట ఒకటి వచ్చే మలుపుల్లో అదే బండికి తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. దిగేది 1944 నాటి పాత దారి. బ్రేకు పట్టి దిగుతుంటే బరువు ముందుకు పోయి వెనక భాగం లేస్తుంది, ఆర్మ్ కిందికి వేలాడుతుంది. మెత్తబడిన వెనక భాగం ఈ ఊపును ఇంకా పెంచుతుంది. మన దగ్గర బండి తిరిగేది ఈ రోడ్ల మీద. పొడవు పెంచడం అందం కోసమైతే మానుకోవడం మేలని నా అభిప్రాయం.

కోణం. పక్కనుంచి చూస్తే ఆర్మ్ పివట్ నుంచి యాక్సిల్ వైపు కొంచెం కిందికి వాలి ఉంటుంది. ఆ వాలుకు పని ఉంది. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బరువు వెనక్కు పడి బండి కూలబడబోతుంది. చైను లాగే బలం, చక్రం నెట్టే బలం ఈ వాలు వల్ల కలిసి దాన్ని కొంత ఎత్తి పడతాయి. ఆర్మ్ బల్లపరుపు అయితే ఆ ఆసరా తగ్గుతుంది. పొట్టి షాకబ్జర్లు వేసి బండిని కిందికి దించేవాళ్ళు పోగొట్టుకునేది ఇదే.

చైను కోసం ఇంకో చిన్న ప్రయోగం. షాకబ్జర్లు విప్పి, చక్రాన్ని చేత్తో మెల్లగా పైకి లేపుతూ చైను మీద ఒక వేలు ఉంచండి. మొదట వదులు ఉంటుంది. ముందు స్ప్రాకెట్ నడిమి, పివట్, యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను బిగుసుకుంటుంది. ఇంకా లేపితే మళ్ళీ వదులవుతుంది. ఆ బిగుతు చోట కూడా కొంచెం వదులు మిగలాలి. లేకపోతే పెద్ద గుంతలో చైను గేర్‌బాక్సు షాఫ్టును లాగుతుంది.

వెడల్పు. ఇంటర్‌సెప్టర్ వెనక టైరు 130. 160 టైరు పట్టే ఆర్మ్ తీసుకుంటే టైరు ఒక్కో పక్కకూ 15 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చైను టైరుకు తగలకుండా స్ప్రాకెట్లు రెంటినీ బయటికి జరపాలి. ముందు స్ప్రాకెట్ బయటికి జరిగిన కొద్దీ గేర్‌బాక్సు బేరింగు మీద వంపు భారం పెరుగుతుంది. ఆర్మ్ ధర చెప్పే అంగడివాడు ఈ ఖర్చు చెప్పడు, మీరే అడగాలి.

ఒంటి చెయ్యి, జంట చెయ్యి. ఒంటి చేతి ఆర్మ్ కొత్త వింత కాదు. పాత బజాజ్ చేతక్‌ను తలుచుకోండి: ఇంజనే ఒక పక్కనుంచి చక్రాన్ని మోసేది, నట్లు విప్పితే చక్రం చేతికి వచ్చేది, స్టెప్నీ వేసుకుని పోయేవాళ్ళం. హోండా 1987లో ఆర్‌సీ30 బండికి ఒంటి చేతి ఆర్మ్ పెట్టిందీ అదే సౌకర్యానికి: సుదీర్ఘ పందేల్లో చక్రం త్వరగా మార్చాలి. ఒక్క చెయ్యే మొత్తం మెలిని ఓర్చుకోవాలి కనుక అది లావుగా, సాధారణంగా బరువుగా ఉంటుంది. జంట షాకబ్జర్ల కోసం కట్టిన ఫ్రేముకు దాన్ని తగిలించాలంటే ఫ్రేమునే కోయాలి. రోడ్డు బండికి అక్కర లేదు.

లోహం. అల్యూమినియం తేలిక అన్నది సగం నిజం. ఉక్కుతో పోలిస్తే దాని సాంద్రత మూడో వంతు, బిగువు కూడా మూడో వంతే. అనగా, అదే గొట్టం కొలతతో చేస్తే బరువు తగ్గినంతా బిగువూ తగ్గుతుంది. అందుకే అల్యూమినియం ఆర్మ్‌లు పెద్ద పెట్టె ఆకారంలో ఉంటాయి. 6061-టీ6 అన్న పేరులో టీ6 అంటే వేడిచేసి చల్లార్చి, మళ్ళీ కొంచెం వేడిలో ముదర పెట్టి తెచ్చిన బలం. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ బలం చాలావరకు పోతుంది. మళ్ళీ ఆ వేడి ప్రక్రియ చేస్తేనే తిరిగి వస్తుంది. ‘అల్యూమినియం ఆర్మ్‌ను కోసి, ముక్క అతికిద్దాం’ అన్న మాటకు జవాబు ఇదే: వద్దు.

ఆఫ్టర్‌మార్కెట్. అనగా, బండి ఫ్యాక్టరీ దాటాక, తయారీదారు కాక మరొకరు చేసి అమ్మేది. నాసిరకం అనే అర్థం ఈ మాటలో లేదు. మేలురకం అనే అర్థమూ లేదు. తేడా పరీక్షలో ఉంది. సత్యవేడు దగ్గరి హీరో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే మోడల్‌ను ప్రభుత్వం గుర్తించిన సంస్థ ముందే పరీక్షించి ఒప్పుకుని ఉంటుంది. బయట కొన్న ఆర్మ్‌ను ఎక్కువగా మీరే పరీక్షించుకోవాలి. పివట్ గొట్టంలో ఒక నిటారు కడ్డీ, యాక్సిల్ రంధ్రాల్లో ఇంకొకటి దూర్చండి. రెండు పక్కలా వాటి మధ్య దూరం కొలవండి, సమానంగా రావాలి. తర్వాత వెనక నిలబడి ఒక కన్ను మూసి చూడండి. వెనక కడ్డీ ముందు కడ్డీని కప్పాలి. కత్తెరలా దాటిందంటే వెల్డింగ్‌లో ఆర్మ్ మెలిపడింది. తిప్పి పంపేయండి. చైను బిగించే గుర్తులనూ నమ్మవద్దు. రెండు పక్కలా పివట్ నుంచి కొలిచి సరిచేయండి.

కస్టమ్. తన ఇష్టానికి తగినట్టు కట్టుకున్నది. ఈ ఇష్టానికి చట్టం గీసిన హద్దు ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణలోని 182ఏ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అంటుంది. ఆ పత్రంలోని వివరాల్లో వీల్‌బేస్ ఒకటి. కాబట్టి పొడుగు ఆర్మ్ వేసిన రోజే ఆ అంకె అబద్ధమవుతుంది. ప్రమాదం జరిగి బీమాకు పోయినప్పుడు ఆ అబద్ధం మీ ఎదుటికే వస్తుంది. పందెపు బండి సంగతి వేరు. దాన్ని వ్యాను ఎక్కించి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకుపోయి తిప్పుకోవచ్చు.

మంచి. ఇప్పుడు చెప్పగలం. రోడ్డు మీద తిరిగే బండికి మంచి ఆర్మ్ అంటే: పివట్ నుంచి యాక్సిల్ దాకా ఉన్న పాత దూరాన్ని మార్చనిది, షాకబ్జర్ చోటు జరపనిది, అసలు టైరుకే సరిపోయేది, కడ్డీల పరీక్షలో నిలిచినది, స్లీవు కొలత సరిగ్గా ఉన్నది. ఇవన్నీ ఉన్నాకే తేలికా, మెరుగూ, ఆకారమూ. ఇవి కుదరకపోతే కంపెనీ ఆర్మ్‌నే విప్పి, కొత్త బేరింగులు వేసి, గ్రీజు నింపి బిగించడం ఎక్కువ మంచి పని. కొనడానికి బయలుదేరే ముందు బండి పక్కన కూర్చుని, రెండు వైపులా పివట్ నుంచి యాక్సిల్ దాకా టేపు పట్టి కొలవండి. ఆ అంకెలు కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని అంగడికి పోండి.