ఎముకను చదివే పరారుణ కాంతి

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలలో పలు గ్రామాల బోరుబావి నీటిలో ఫ్లోరైడు మోతాదుకు మించి ఉన్నది. గ్రానైటు, నైసు వంటి కఠిన శిలలలోని ఖనిజాల నుండి అది భూగర్భ జలంలోకి ఊరుతున్నది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటరాదని, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చునని భారత ప్రమాణాలు చెబుతున్నవి. కావేరి నీటిని ఈ రెండు జిల్లాలకు అందించే హొగెనక్కల్ పథకం 2013లో ప్రారంభమైనది. ఫ్లోరోసిస్ నివారణ అన్నది ఆ పథకం పేరులోనే ఉన్నది. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించి వైద్య పత్రికలకు ఎక్కించారు. నాడు నెల్లూరు, హోసూరు రెండూ మద్రాసు రాజధానిలోనివే.

ఫ్లోరోసిస్ ముదిరిన ఎముక ఎక్స్‌రేలో మరింత దట్టంగా, తెల్లగా కనబడుతుంది. చూపునకు బలిష్ఠం, నిజానికి పెళుసు. ఈ వైరుధ్యం ఎందువలన? ఎముక అంటే ఖనిజం, కొల్లాజెన్ అనే మాంసకృత్తు కలగలిసిన పదార్థం. వాటి పాళ్ళు ఎక్కడెక్కడ ఎలా మారినవో ఎక్స్‌రే పటం చెప్పలేదు. ఆ పని చేయగలిగిన సాధనాలలో పరారుణ వర్ణపట విశ్లేషణ ఒకటి.

పరారుణ కిరణాలను 1800లో విలియం హెర్షెల్ కనుగొన్నాడు. పదార్థంలోని అణువులు ఊరక ఉండవు. వాటి బంధాలు నిరంతరం కంపిస్తుంటవి. ఒక్కొక్క బంధం తన కంపనానికి సరిపడు పరారుణ కాంతిని మాత్రమే పీల్చుకుంటుంది. ఏ కాంతి తగ్గినదో చూచి, అక్కడ ఏ అణువు ఉన్నదో చెప్పవచ్చు. ఎముకలోని ఫాస్ఫేటు సెంటీమీటరుకు 900 నుండి 1200 తరంగాల మధ్య, కొల్లాజెన్ 1650 ప్రాంతంలో తమ గుర్తులను చూపుతవి. ఈ రెండింటి నిష్పత్తియే ఖనిజం పాలు. రంగు వేయనక్కరలేదు, రసాయనం కలపనక్కరలేదు.

చిక్కు కాంతి వద్దనే. ప్రయోగశాలలోని మామూలు పరికరంలో కాలిన సిలికాన్ కార్బైడు కడ్డీ పరారుణ కాంతినిస్తుంది; అది నలుదిక్కులకు చెదరిపోతుంది. సూక్ష్మదర్శిని కింద పది మైక్రోమీటర్ల చుక్కను మాత్రమే చూడబోతే మిగిలే కాంతి చాలదు. సింక్రోట్రాన్ ఈ లోటు తీరుస్తుంది. దాదాపు కాంతి వేగంతో పరుగెత్తే ఎలక్ట్రాన్లను అయస్కాంతాలు వంచినపుడు సన్నని, తీక్ష్ణమైన కాంతి వెలువడుతుంది. ఈ వెలుగును మొదట 1947లో అమెరికాలో కంటితో చూచారు. మొత్తం శక్తిలో అది కడ్డీని మించనవసరం లేదు. ఒక చిన్న చుక్కపై కేంద్రీకరించినపుడు మాత్రం నూరు నుండి వేయి రెట్లు ప్రకాశవంతం. నమూనా కాలిపోతుందన్న భయమూ అంతగా లేదు.

ఎముకలో సన్నని రక్తనాళపు కాలువ చుట్టూ పొరలు పొరలుగా వలయాలు ఉంటవి. కాలువ దగ్గరిది కొత్త ఎముక, దూరమైనది పాతది. కొన్ని మైక్రోమీటర్ల మందాన కోసిన పలుచని ముక్కపై ఈ కాంతిని చుక్కచుక్కగా జరుపుతూ పోతే, వయసుతోపాటు ఖనిజం ఎలా పెరిగినదో పటంగా వస్తుంది. ఫ్లోరైడు విషయంలో ఒక మెలిక ఉన్నది. ఫ్లోరైడు అయాను ఒంటరి పరమాణువు; దానికంటూ అణు కంపనం లేదు. అది ఖనిజ స్ఫటికంలోని హైడ్రాక్సిల్ స్థానంలో కూర్చుంటుంది. అందుచేత 3570 దగ్గరి హైడ్రాక్సిల్ గుర్తు క్షీణించడాన్ని బట్టి పరోక్షంగా గ్రహించాలి. హైడ్రాక్సిల్ పుష్కలంగా ఉన్న దంతపు పింగాణీలో ఇది ఎముకలో కంటె స్పష్టం.

ఇతర రంగాలలోనూ ఈ కాంతి పని చేసినది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకొన్న మాంసకృత్తు, రాగి, జింకు ఒకే చోట ఉన్నట్లు 2006లో ప్రకటించారు. మాంసకృత్తును పరారుణం, లోహాలను ఎక్స్‌కిరణాలు పట్టి ఇచ్చినవి. ఆఫ్ఘనిస్తాన్‌లోని బామియాన్ గుహచిత్రాలలో నూనె రంగులు వాడారని ఫ్రాన్సులోని గ్రెనోబుల్ కేంద్రం 2008లో తేల్చినది.

మన దేశంలో సింక్రోట్రాన్లు ఇందోరులోని రాజా రామన్న కేంద్రంలో ఉన్నవి. అక్కడి ఇండస్-1 చుట్టుకొలత 19 మీటర్లే. 1999 నుండి నడుస్తున్నది. పెద్ద యంత్రమైన ఇండస్-2 చుట్టుకొలత 172 మీటర్ల పైచిలుకు. పరారుణ కాంతికి పెద్ద యంత్రమే కావాలన్న నియమం లేదు. చిన్న వలయమైనా చాలును.

అయితే ఇది ఆసుపత్రి పరీక్ష కాదు. ఎముక ముక్క తీయాలి, తడి ఆరాలి. నీరు పరారుణ కాంతిని విపరీతంగా పీల్చుకుంటుంది. వ్యాధి ఎముకలో ఎలా సాగుతున్నదో పరిశోధకునికి తెలుపుతుందే గాని, రోగికి నేరుగా అక్కరకు రాదు. బావినీటిలో ఫ్లోరైడు ఎంతో తెలియడానికి ఎలక్ట్రోడు పరీక్ష చాలును. నీటిని మరగించితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొలదీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ విధానం ఒక మార్గం. మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది కనుక దానినీ పరీక్షించి వాడాలి.