సున్నపుకట్టు బూజు కథ

పట్టుపురుగులు పెంచే అక్కలకు సున్నపుకట్టు రోగం పేరెత్తితే గుండె ఝల్లుమంటుంది. చచ్చిన పురుగు కుళ్లదు. సుద్దముక్కలా బిగుసుకుపోయి ఒళ్లంతా తెల్లపొడి పూస్తుంది. గూళ్లు కట్టే వేళకు తట్టలకు తట్టలే పోతాయి. పంట మీది పురుగుకు కొట్టమని అమ్మే బవేరియా పొడి చూశారు కదా, అదీ ఈ బూజే.

ఇటలీలోనూ ఈ రోగాన్ని సున్నం పేరుతోనే ‘కాల్చీనో’ అనేవారు. అక్కడి పల్లెల్లోనూ ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. గుడ్లు పొదగడానికి చిన్న సంచుల్లో కట్టి, రవికెలో పెట్టుకుని ఒంటి వేడి ఇచ్చేవారట. అంత కష్టమూ చివర్లో సుద్దపాలు!

లోడి పట్టణం దగ్గర అగస్టీనో బస్సీ అని ఒకాయన, 1773లో పుట్టాడు. లా చదివినా కళ్లు దెబ్బతిని సేద్యంలోకి దిగాడు. 1807లో ఈ రోగం వెంట పడ్డాడు. గాలి మంచిది కాదు, ఆకు మంచిది కాదు అని అందరూ అనేవారు. ఆయనా అదే నమ్మి, పురుగుల్ని రకరకాలుగా బాధపెట్టి చూశాడు. ఏళ్లు గడిచాయి, రోగం మాత్రం పుట్టలేదు. చివరికి చచ్చిన పురుగు మీది పొడిని మంచి పురుగుకు అంటిస్తే పుట్టింది! ఆ పొడి బూజు విత్తనమన్నమాట. 1835లో పుస్తకం వేశాడు. పనిముట్లు ఉడకబెట్టండి, జబ్బు పురుగుల్ని వేరుచేయండి అని చెప్పాడు. కుక్కకాటు టీకా కనిపెట్టిన పాశ్చర్ కంటే ముందు మాట ఇది. బూజుకు ఆయన పేరే పెట్టారు: బవేరియా బాసియానా.

మరి పట్టుపురుగును చంపే బూజు పంట తినే పురుగును చంపదా? 1879లో ఒడెస్సాలో మెచ్నికోవ్ గోధుమ పురుగుల మీద ఇంకో బూజును, పచ్చదాన్ని చూశాడు. మనం మెటారైజియం అంటున్నది అదే. బీరు కాచగా మిగిలిన పిప్పి మీద పెంచవచ్చన్నాడు. 1884లో ఉక్రెయిన్‌లోని స్మెలాలో క్రాసిల్‌షిక్ దాన్ని తయారుచేసి, బీట్ దుంప ముక్కుపురుగు మీద వాడాడు. ఇప్పుడు మనం నూకలు ఉడికించి సంచుల్లో పెంచేదీ దాదాపు ఆ పద్ధతే.

తర్వాత డీడీటీ రోజులు వచ్చాయి, బూజు సంగతి వెనకబడింది. 1997-98లో వరంగల్ పత్తి రైతులు ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పులు మిగిలాయి, ప్రాణాలు పోయాయి. అటుపైన 2005 ప్రాంతంలో పురుగుమందులు లేని సేద్యాన్ని ఊరూరా తీసుకెళ్లింది మహిళా సమాఖ్యలే. అది మన చరిత్రలో చిన్న విషయం కాదు.

ఈ బూజుకు పురుగు నోరు అక్కర్లేదు. చర్మం మీద పడి మొలిచి, తొలుచుకుని లోపలికి పోతుంది. ఎండకు చస్తుంది కాబట్టే సాయంత్రం కొట్టమనేది. కానీ అది పురుగును చూసి మంచిదా చెడ్డదా అని అడగదు. పచ్చ బూజుకూ పట్టుపురుగు పరాయిది కాదు. నూకల సంచులు విప్పిన చీరతో పురుగుల గదిలోకి అడుగుపెట్టకండి. మల్బరీ తోట పక్క చేలో కొట్టే ముందు ఆ ఇంటివాళ్లను ఒకమాట అడగండి.