విల్లువీణ – డోలీ పాట

హార్పు అనగానే అది పాశ్చాత్యుల సొత్తని తలపోస్తాము. వేల్సు దేశపు కొండలను, జానపద వరుసలను ఒంటిగా పలికించే ఆ వాద్యం మనకు పరాయిదిగానే తోస్తుంది. కాని అమరావతి శిల్పాలను పరికించండి. విల్లువలె వంగిన దండము, దానికి వరుసగా బిగించిన తంత్రులు! ఆనాటి వీణ హార్పు జాతిదే. 4వ శతాబ్దిలో సముద్రగుప్తుడు తన నాణెముపై వాయిస్తున్నదీ అట్టిదే.

ఖమ్మం చెంతనున్న నేలకొండపల్లిలో బౌద్ధయుగపు మహాస్తూపం ఉన్నది. 17వ శతాబ్దిలో కంచెర్ల గోపన్నను కన్నదీ ఆ ఊరే. చిత్రకారులు ఆ రామదాసు చేతికి తంబురా నిస్తారే గాని విల్లువీణ నివ్వరు. అప్పటికది మన నేలపై మరుగుపడి ఎన్ని తరాలో గడిచినవి. గమకాన్ని కోరే మన సంగీతానికి తంత్రికొక స్వరం చాలలేదు; మెట్ల వీణ దాని స్థానాన్ని ఆక్రమించింది.

కొలువులు విడిచినదాన్ని అడవులు పూర్తిగా విడువలేదు. మధ్యప్రదేశ్‌లోని మండ్లా సీమలో, గోండుల వంశగాథలు పాడే పర్ధానుల చేత, ఐదు తంత్రుల బీన్‌బాజా 20వ శతాబ్ది చివరివరకూ పలికింది. అదీ విల్లువీణయే. వేల్సులోనూ ఇట్టి కథే నడిచింది. మతోద్ధరణ ఉద్యమం జానపదగానాన్ని చిన్నచూపు చూచిన కాలంలో, మూడు వరుసల తంత్రుల హార్పును కాపాడినవారిలో సంచారజీవులైన రోమానీ కుటుంబాలు ముఖ్యమైనవి. నాన్సీ రిచర్డ్స్ (1888–1979) వారి ఫణితిని అందుకొన్నది.

మరి భద్రాచలం మన్యంలో? అక్కడ కోయల గాథకులు డోలీలు. వారి పాటకు తోడు తంత్రి కాదు, డోలు, కంచుతాళం. మైకుకు తంత్రి నప్పినంత సులువుగా డోలు నప్పదు. రేడియోలో పనిచేసే మాకిది తెలియనిది కాదు. ఆ సాకుతో వారిని దూరం పెట్టడం మాత్రం న్యాయం కాదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ, తెలుగు భాషలు రెంటిలోనూ సమ్మక్క సారలమ్మల గాథ పాడేవారు. 2022లో పద్మశ్రీ లభించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన విద్య గ్రంథాలలో నేర్చినది కాదు, తరతరాలుగా నోట నిలిచినది.

ఆ గాథలో చోట్లకు పేర్లు పుడతవి. జంపన్న నేలకొరిగినందున సంపెంగవాగు జంపన్నవాగైనది. సమ్మక్క అదృశ్యమైనది చిలకలగుట్టపై. వేల్సులో 18వ శతాబ్దిలో డేవిడ్ ఓవెన్ అనే హార్పు విద్వాంసుడు తాను నివసించిన తెల్లబండ పేరుతోనే నేటికీ పిలువబడుతున్నాడు. ఇక్కడ వాగే వీరుని పేరు ధరించింది. రెండేండ్ల కొకసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరకు వెళ్ళేవారు ఆ వాగులోనే స్నానం చేస్తారు. డోలు మోత ఆ గట్టుననే వినవచ్చును.